పోత ఇనుము మీద అంకెలు: పాత బండి మానిఫోల్డును గుర్తుపట్టడం ఎలా?

మోటారు మెకానిక్ పని మన కుటుంబాలు అనేకానికి తరతరాలుగా అన్నం పెడుతున్న పని. రాజమండ్రి, రావులపాలెం, తణుకు, తాడేపల్లిగూడెం, భీమవరం, కాకినాడ... లారీలు ఆగే చోటు ఎక్కడ ఉంటే అక్కడ ఒక ఉస్తాద్, ఆయన దగ్గర ఇద్దరు ముగ్గురు షాగిర్దులు, పక్కన లేత్ షాపు, ఆ పక్కన పాత ఇనుము కొట్టు ఉండటం మనకు తెలిసిందే. 2022లో జిల్లాలు విడిపోయి కొత్త పేర్లు వచ్చాయి గానీ ఈ షెడ్లు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. అయితే విల్లీస్ జీపునూ, బెడ్‌ఫోర్డ్ లారీనీ కళ్ళు మూసుకుని విప్పి బిగించిన ఉస్తాద్‌లు ఒక్కొక్కరే అల్లాహ్ సన్నిధికి చేరుకుంటున్నారు. పిల్లల్లో కొందరు గల్ఫ్‌కు వెళ్ళారు, కొందరు కంప్యూటర్ చదువులకు వెళ్ళారు. షెడ్డు మూలన మిగిలిన ఇనుము ఏ బండిదో చెప్పేవారు లేక కిలోల లెక్కన తూకానికి పోతోంది.

ఆ ఇనుములో పొరపాటుకూ, మోసానికీ ఎక్కువ చోటిచ్చే వస్తువు ఇన్‌లెట్ మానిఫోల్డు. చూపుకు అన్నీ ఒకలాగే కనిపిస్తాయి. నల్లగా మసిపట్టి, నాలుగు గొట్టాలు ఒకదానికొకటి అతుక్కున్నట్టు ఉంటాయి. కొనేవాడికి తెలియదు. చాలాసార్లు అమ్మేవాడికీ తెలియదు. ఇద్దరిలో ఒక్కడికే తెలిసినప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. జుమా పేజీలో మానిఫోల్డు సంగతి ఏమిటని పాఠకులు అడగవచ్చు. మన ఇళ్ళలోకి వచ్చే సంపాదన హలాలా కాదా అన్నది కొన్ని ఇళ్ళలో ఈ ఇనుప ముక్క మీదే ఆధారపడి ఉన్నది గనుక రాస్తున్నాం.

ఆనకట్ట కాలవల లాంటిదే

షెడ్డు పని తెలియని ఇంటివారి కోసం నాలుగు మాటలు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర లాకుల నుంచి గోదావరి నీరు కాలవల్లోకి చీలి పొలాలకు పోయినట్టే, పెట్రోలు ఇంజనులో కార్బరేటర్ దగ్గర కలిసిన గాలీ పెట్రోలూ ఈ మానిఫోల్డు గొట్టాల గుండా చీలి ఒక్కొక్క సిలిండరుకు చేరతాయి. లోపలికి పంపేది ఇన్‌లెట్ మానిఫోల్డు. కాలిన పొగను సైలెన్సర్ వైపు తీసుకుపోయేది ఎగ్జాస్ట్ మానిఫోల్డు. పాత బండ్లు చాలావాటిలో ఈ రెండూ ఇంజనుకు ఒకే పక్కన, ఒకదాని మీద ఒకటి బిగించి ఉంటాయి. పొగ వేడి తగిలి పెట్రోలు తేలికగా ఆవిరి కావాలని అలా చేశారు.

కాలవకు గండి పడితే చివరి పొలం ఎండుతుంది. మానిఫోల్డుకు చిన్న పగులు ఉన్నా, ప్యాకింగ్ సరిగా కూర్చోకపోయినా బయటి గాలి లోపలికి దూరి ఆ సిలిండరుకు పెట్రోలు పాలు తగ్గుతుంది. ఇంజను నిలకడగా తిరగదు, వేడెక్కుతుంది, చివరకు వాల్వులు కాలిపోతాయి. డీజిల్ లారీ అయితే నష్టం మరో రకంగా ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ దాటిన తరువాత ఎక్కడ సందు ఉన్నా వడగట్టని గాలి నేరుగా లోపలికి పోతుంది. ఇసుక ర్యాంపుల దగ్గరా, రైసు మిల్లుల ఊక దుమ్ములోనూ తిరిగే బండికి ఆ సందు చాలు, లైనర్లూ రింగులూ అరిగిపోవడానికి. సరిపోని మానిఫోల్డును సరిపోతుందని అంటగట్టినవాడు పోగొట్టేది ఒక ఇనుప ముక్క ధర కాదు, ఒక లారీ యజమాని ఇంజనును.

మన వైపు ఏ బండ్లు వచ్చాయి?

గుర్తుపట్టే పని ఇక్కడ మొదలవ్వాలి. రెండో ప్రపంచ యుద్ధం 1945లో ముగిశాక సైన్యం వదిలించుకున్న జీపులు, షెవర్లే, ఫోర్డ్ లారీలు దేశమంతటా సంతలో సరుకులా అమ్ముడుపోయాయి. తరువాత మన దేశంలోనే తయారీ మొదలైంది. హిందుస్థాన్ మోటార్స్ నుంచి ల్యాండ్‌మాస్టర్, అంబాసిడర్ కార్లూ, బెడ్‌ఫోర్డ్ లారీలూ వచ్చాయి. ప్రీమియర్ ఆటోమొబైల్స్ నుంచి డాడ్జ్, ఫార్గో లారీలూ, ఫియట్ కార్లూ వచ్చాయి. 1954లో టాటాలు జర్మనీవారి బెంజ్ కంపెనీతో కలిసి లారీలు మొదలుపెట్టారు, ఆ పొత్తు 1969లో ముగిసింది. మద్రాసులో 1948లో పెట్టిన అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది.

జీపుల కథలో మన పాఠకులకు ఆసక్తి కలిగించే ముక్క ఒకటుంది. ఈనాడు మహీంద్రా అండ్ మహీంద్రాగా పేరుపడిన సంస్థ 1945లో పుట్టినప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. భాగస్వామి మలిక్ గులామ్ ముహమ్మద్ దేశ విభజన తరువాత పాకిస్తాన్ వెళ్ళి అక్కడ ఆర్థికమంత్రి, ఆ తరువాత గవర్నర్ జనరల్ అయ్యారు. 1948లో కంపెనీ పేరు మారింది. జీపు మీద ఆ పాత పేరు ఎక్కడా కనిపించదు, అది వేరే సంగతి.

అంకెను చదవడం

రాజమండ్రి పాత మసీదు ద్వారం మీద ఒక శాసనం ఉంది. గియాసుద్దీన్ తుగ్లక్ కాలంలో, 1324లో, సాలార్ ఉల్వీ దాన్ని కట్టించినట్టు మనకు తెలిసింది ఆ రాయిని చదవగలిగినవారి వల్లనే. పోత ఇనుముకూ అటువంటి శాసనమే ఉంటుంది. అచ్చులోనే ఉబ్బెత్తుగా వచ్చిన అంకెలూ, అక్షరాలూ, ఒక్కోసారి ఫౌండ్రీ గుర్తూ కనిపిస్తాయి. మానిఫోల్డు పై భాగంలో, లేదా గొట్టాల మధ్య చదునుగా ఉన్న చోట, లేదా తిప్పి చూస్తే అడుగున ఉంటాయి.

మసి పట్టిన ముక్కను కిరసనాయిల్లో ఒక రాత్రి నానవేసి వైరు బ్రష్‌తో రుద్దాలి. గ్రైండరు పెట్టకూడదు. ఉబ్బెత్తు అంకె ఒక్కసారి అరిగిపోతే మళ్ళీ రాదు. శుభ్రమైన తరువాత పలచని కాగితం పరచి పెన్సిల్ అడ్డంగా రుద్దితే అంకె కాగితం మీదికి వస్తుంది. సుద్దముక్క రుద్దినా సరే. 3కూ 8కీ, 6కూ సున్నాకీ మధ్య తేడా పక్క నుంచి టార్చి వెలుతురు వేసి చూస్తే తెలుస్తుంది. పాత ఫౌండ్రీ అచ్చుల్లో అంకెలు వంకరగా ఉండటం మామూలే.

ఇక్కడ చాలామంది తడబడతారు. పోతలో వచ్చే అంకె వేరు, స్పేరుపార్టుల పుస్తకంలో ఉండే నంబరు వేరు. ఒకే అచ్చులో పోసిన ముక్కకు ఒక బండి కోసం ఒక చోట రంధ్రం వేసి, మరో బండి కోసం మరో చోట వేసి, రెండింటికీ వేర్వేరు పార్టు నంబర్లు ఇస్తారు. కాబట్టి పోత అంకె కుదిరినంత మాత్రాన ముక్క కుదిరినట్టు కాదు. అంకె దొరకగానే సంబరపడి బేరం ముగించేవారిని చూస్తూనే ఉన్నాం.

కంపెనీని బట్టి పద్ధతి మారుతుంది. షెవర్లే వారి పోతల మీద అంకెతో పాటు తేదీ కూడా ఉంటుంది. ఒక అక్షరం నెలకు గుర్తు, ఏ అంటే జనవరి, బి అంటే ఫిబ్రవరి. తరువాత తారీఖు, ఆ తరువాత సంవత్సరంలో చివరి అంకె మాత్రమే. 1 అని ఉంటే 1941 కావచ్చు, 1951 కావచ్చు, మిగతా ఆనవాళ్ళు చూసి తేల్చుకోవాలి. బండి తయారైన తేదీ కన్నా పోత తేదీ వెనకటిదైతే ఆ ముక్క బండితో పాటు వచ్చినది కావచ్చు. ముందుదైతే, అంటే బండి తయారయ్యాక పోసినదైతే, తరువాత ఎవరో మార్చి బిగించినదే. ఫోర్డ్ వారి నంబరులో మధ్య భాగం 9424 గానీ 9425 గానీ అయితే అది ఇన్‌లెట్ మానిఫోల్డు. ముందున్న అక్షరాలూ అంకెలూ అది ఏ కాలపు బండిదో చెబుతాయి. యుద్ధకాలపు జీపుల్లో కొన్ని విల్లీస్ తయారీ, కొన్ని ఫోర్డ్ తయారీ. ఫోర్డ్ జీపు భాగాల మీద చిన్న ఎఫ్ అక్షరం వేసేవారు. రెండు జీపుల భాగాలూ ఒకదానికొకటి సరిపోయేలా చేసినవే గనుక నడిపేవాడికి తేడా లేదు, పాత బండ్లు సేకరించేవాడికి చాలా తేడా ఉంది.

నోళ్ళు లెక్కపెట్టండి

అంకె అసలే లేకపోతే? తుప్పు తిన్న ముక్కల మీద చాలాసార్లు ఉండదు. అప్పుడు ఆకారమే సాక్ష్యం. సిలిండర్లు ఎన్నో నోళ్ళు అన్ని ఉంటాయని అనుకోవద్దు. అంబాసిడర్‌లో చాలాకాలం నడిచిన 1489 సీసీ పెట్రోలు ఇంజనుకు నాలుగు సిలిండర్లు ఉన్నా ఇన్‌లెట్ నోళ్ళు రెండే. ఒక్కో నోరు రెండు సిలిండర్లకు గాలి అందిస్తుంది. ఎగ్జాస్ట్‌కు మూడు. ఆరు సిలిండర్ల పాత షెవర్లే లారీ ఇంజనుకు ఇన్‌లెట్ నోళ్ళు మూడు, ఎగ్జాస్ట్ నోళ్ళు నాలుగు. ఫోర్డ్ వి8 అయితే చూడగానే తెలుస్తుంది. రెండు వరసల సిలిండర్ల మధ్య పళ్ళెం మూతలా పైన కూర్చుంటుంది, ఎగ్జాస్ట్‌లు ఇటొకటి అటొకటి.

జీపుల్లో ఒక మెలిక ఉంది. యుద్ధకాలపు విల్లీస్ ఇంజనుకు విడి ఇన్‌లెట్ మానిఫోల్డు ఉంటుంది. క్రాంక్‌కేసు గాలి పీల్చుకునే చిన్న వాల్వు బిగించడానికి దానికి మరలున్న రంధ్రం ఉంటుంది. తరువాత వచ్చిన ఎత్తు బానెట్ మహీంద్రా జీపుల్లో వాడిన ఎఫ్-హెడ్ ఇంజనుకు విడిగా ఇన్‌లెట్ మానిఫోల్డే లేదు. అది సిలిండర్ హెడ్‌తో కలిపి ఒకే పోతగా వస్తుంది, కార్బరేటర్ హెడ్ మీదే కూర్చుంటుంది. కాబట్టి ఎత్తు బానెట్ జీపుకు ఇన్‌లెట్ మానిఫోల్డు ఉంది కొనుక్కో అని ఎవరైనా చూపిస్తే, ఆయనకు తెలియకపోవాలి, లేదా మనకు తెలియదని ఆయన అనుకుంటూ ఉండాలి.

డీజిల్ ముక్కలకు కార్బరేటర్ కూర్చునే చోటు ఉండదు. అయితే గాలి లోపలికి వచ్చే దారిలో సీతాకోకచిలుక రెక్క వంటి తలుపు, పక్కన సన్నని గొట్టం బిగించే నిప్పిల్ కనిపిస్తే అది గాలి గుంజుడు మీద పనిచేసే గవర్నర్ ఉన్న ఇంజనుది. మద్రాసు సింప్సన్ కంపెనీ తయారుచేసిన పెర్కిన్స్ పి6 ఇటువంటిదే. పెట్రోలు లారీల్లో ఈ ఇంజను పెట్టుకోవడం ఆ రోజుల్లో ఉండేది గనుక, డాడ్జ్ లారీ నుంచి విప్పిన ముక్క డాడ్జ్‌దే అయి ఉండాలన్న నియమం లేదు.

మిగిలిన రంధ్రాలను కూడా వదలవద్దు. గాలి గుంజుడుతో నడిచే వైపర్‌కు ఒకటి, వ్యాక్యూమ్ బ్రేకుకు ఒకటి ఉండవచ్చు. తరువాత ఎవరో డ్రిల్లు వేసి బోల్టుతో మూసిన రంధ్రం అయితే అంచులు కొత్తగా, కోసుగా ఉంటాయి.

కొలత మరో సాక్షి. నోళ్ళ మీద పలచగా గ్రీజు రాసి అట్టముక్కను నొక్కితే అచ్చు దిగుతుంది. ఆ అచ్చును ఇంజను మీద పెట్టి చూస్తే నోళ్ళూ, స్టడ్ల దూరాలూ కుదిరిందీ లేనిదీ నిమిషంలో తేలుతుంది. కార్బరేటర్ కూర్చునే చోట బోల్టులు రెండా, మూడా, నాలుగా, వాటి మధ్య దూరం ఎంత, రంధ్రం వ్యాసం ఎంత అన్నవి విడిగా రాసుకోవాలి. అయస్కాంతం అంటుకుంటే పోత ఇనుము, అంటుకోకపోతే అల్యూమినియం. హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం)కు అల్లాహ్ ఇనుమును మెత్తగా చేసి ఇచ్చాడనీ, కవచపు వలయాలను సరైన కొలతతో అమర్చమని ఆదేశించాడనీ దివ్య ఖుర్ఆన్‌లోని సబా సూరా తెలుపుతుంది. ఇనుము పనివాడికి కొలత అన్నది ఇంత పాత బాధ్యత.

పగులు మీద రంగు

ముక్క సరైనదని తేలాక, మంచిదా కాదా చూడాలి. కిరసనాయిలు పూసి, పావుగంట ఆగి, బట్టతో పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లితే పగులున్న చోట సన్నని తడి గీత బయటపడుతుంది. నోళ్ళున్న ముఖం మీద నిటారు ఇనుప స్కేలు పెట్టి కింద ఫీలర్ గేజి దూర్చి చూస్తే వంకర తెలుస్తుంది. వంకర ఉంటే లేత్ షాపులో ముఖం చదును చేయించుకోవచ్చు. పగులును కూడా ముందుగా వేడిచేసి నికెల్ రాడ్డుతోనో, ఇత్తడితోనో అతికే పనివారు ఉన్నారు. అతికిన ముక్క అమ్మడం తప్పు కాదు. అతికిన చోట ఎమ్-సీల్ పెట్టి, పైన సిల్వర్ పెయింటు కొట్టి, కొత్తదని చెప్పి అమ్మడం తప్పు.

ఒకసారి దైవప్రవక్త ముహమ్మద్ (స) బజారులో ధాన్యం రాశిలో చెయ్యి పెట్టగా వేళ్ళకు తడి తగిలింది. వాన పడిందని యజమాని చెప్పుకున్నాడు. తడిసిన ధాన్యాన్ని జనం చూసేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు, మోసం చేసేవాడు తమవాడు కాడని హెచ్చరించారు. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ హదీసును మనం ఖుత్బాల్లో ఎన్నోసార్లు విన్నాం. సుద్దపొడి పరీక్షను అమ్మేవాడే కొనేవాడి ఎదుట చేసి చూపితే అది తడి ధాన్యాన్ని పైన పెట్టడమే. చెప్పకుండా దాచిన ఐబు తరువాత బయటపడితే వస్తువు తిరిగి ఇచ్చేసే హక్కు కొనుగోలుదారుకు ఉందని మన ఫిఖహ్ పెద్దలు స్పష్టంగా రాశారు. అమ్మిన వస్తువు వెనక్కి తీసుకోబడదని గోడ మీద బోర్డు రాసి పెట్టుకున్నంత మాత్రాన ఆ హక్కు ఎక్కడికీ పోదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. మా దృష్టిలో అదే ఎక్కువగా మరుగున పడిన వైపు. ఉస్తాద్ చనిపోయాడు, షెడ్డు ఖాళీ చేయాలి, ఇంట్లో వారికి ఇనుము గురించి ఏమీ తెలియదు. కొనడానికి వచ్చినవాడు మానిఫోల్డు మీది అంకె చూసి లోలోపల మురిసిపోయి, పైకి మాత్రం పాత ఇనుమే కదా అని కిలో లెక్క కట్టి పట్టుకుపోతాడు. బేరం తెలివి అంటారు దీన్ని. బయటి ఊళ్ళ నుంచి సరుకు తెచ్చే బిడారులను బజారు ధర తెలియకముందే దారిలో ఎదురేగి కొనేయడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. అలా అమ్మినవాడు బజారుకు చేరి ధర తెలుసుకున్నాక బేరాన్ని రద్దు చేసుకోవచ్చని కూడా చెప్పారు. ధర తెలియని వితంతువు గుమ్మం దగ్గర జరిగే బేరం దీనికి ఎంత దూరంలో ఉందో కొనేవారే ఆలోచించుకోవాలి. ప్రతి ముస్లిం మేలు కోరతానని దైవప్రవక్త (స) చేతిలో ప్రమాణం చేసిన సహాబీ హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఒక గుర్రాన్ని కొన్నప్పుడు, అమ్మేవాడు 300 దిర్హములకే ఒప్పుకున్నా, అది అంతకన్నా ఎక్కువ చేస్తుందని చెప్పి తానే ధర పెంచుకుంటూ పోయి 800 ఇచ్చారని గ్రంథాల్లో ఉంది. ఇలాంటి కొనుగోలుదారును మన బజారు చూసి చాలా రోజులైంది.

జకాత్ లెక్కలో మానిఫోల్డు

రంజాన్ దగ్గర పడితే బంగారం, రొక్కం లెక్క అందరం కడతాం. పాత స్పేరుపార్టుల వ్యాపారం చేసేవారిలో కొందరు అటక మీది సరుకును మరిచిపోతారు, లేదా ఇనుము ధరకు లెక్కవేసి ఊరుకుంటారు. అమ్మకానికి ఉంచిన సరుకు నిసాబ్ స్థాయికి చేరి చాంద్రమాన సంవత్సరం గడిస్తే, ఆనాటి బజారు విలువ మీద నూటికి రెండున్నర చొప్పున జకాత్ ఇవ్వాలి. హనఫీ ఉలమా ఈ నిసాబ్‌ను 52.5 తులాల వెండి విలువగా లెక్కిస్తారు. లేత్ మిషను, జాకీ, స్పానర్లు, షెడ్డు కట్టడం పనిముట్ల కింద వస్తాయి గనుక వాటి మీద జకాత్ లేదు. సొంత బండికి బిగించుకోవడానికి దాచుకున్న ముక్క మీదా లేదు. ఇక బజారు విలువ కట్టాలంటే ఆ ముక్క ఏమిటో ముందు తెలియాలి కదా! గుర్తు తెలిసిన మంచి మానిఫోల్డుకూ, పేరు తెలియని ఇనుముకూ మధ్య ఉన్న ధర తేడాలో పేదవాడి వాటా కూడా ఉంది. లెక్కలో అనుమానం ఉంటే సరుకు జాబితాతో సహా ఆలిమ్‌ను అడగడం మంచిది.

వారసత్వంలోనూ అంతే. అప్పులు తీర్చి, వసియ్యత్ ఉంటే మూడో వంతుకు మించకుండా చెల్లించాక మిగిలినదంతా వారసులది. అటక మీది ఇనుములో భార్యకు వాటా ఉంది, కూతుళ్ళకు వాటా ఉంది. ఇంటి స్థలం దగ్గర అక్కచెల్లెళ్ళ వాటా గుర్తుచేసుకునేవారు కూడా షెడ్డు సామాను అన్నదమ్ములదే అనుకోవడం కద్దు.

ప్రభుత్వ నిబంధన ఒకటి 2021లో వచ్చింది. 50 ఏళ్ళు దాటిన రెండు చక్రాల, నాలుగు చక్రాల బండ్లను, అసలు రూపం చెడకుండా, పెద్ద మార్పులు చేయకుండా ఉంచితే వింటేజ్ వాహనాలుగా రిజిస్టర్ చేసుకోవచ్చు. నంబరు పలకలో రాష్ట్రం అక్షరాల తరువాత వీఏ అని వస్తుంది. అటువంటి బండిని రోజువారీ వాడకానికి గానీ, కిరాయికి గానీ తిప్పకూడదు. అసలు రూపం అన్న మాట రావడంతో పాత కార్లూ జీపులూ ఉన్నవారు అసలైన భాగాల కోసం వెతకడం మొదలుపెట్టారు. అదే ఏడాది పాత బండ్లను తుక్కు చేసే విధానం కూడా వచ్చింది. ఒక పక్క వెతుకులాట, మరో పక్క కరిగింపు.

ఇంట్లో పాత షెడ్డు సామాను ఉన్నవారు తూకం బండిని పిలిచే ముందు ఒక ఆదివారం దీనికి కేటాయించాలి. పోత ఇనుము ముక్కలన్నీ విడిగా తీయండి. నోళ్ళున్నవాటిని కిరసనాయిల్లో నానవేసి అంకెలు కాగితం మీదికి దించుకోండి. అట్ట మీద అచ్చు తీసి, దాని మీదే అంకె, నోళ్ళ లెక్క, కార్బరేటర్ బోల్టుల దూరం, పగులు ఉన్నదీ లేనిదీ రాసి, ఆ అట్టను తీగతో ముక్కకే కట్టండి. ఫోనుతో ముందూ వెనకా ఫోటో తీసి, షెడ్లలో ఇంకా పనిచేస్తున్న పెద్ద ఉస్తాద్‌లు ఇద్దరికి విడివిడిగా చూపించండి. ఇద్దరూ ఒకే బండి పేరు చెబితే ఆ పేరు కూడా అట్ట మీద రాయండి. చెప్పకపోతే ఆ చోటు ఖాళీగానే ఉంచి, కొనేవారికి అలాగే చూపించండి.